ఏడో నెంబరు ప్రశ్న

మంగతాయారు వయసు అరవై తొమ్మిది. ఆవిడ నడుంనొప్పి వయసు పదమూడు. ఈ పదమూడేళ్ళలో ఆ నడుం మీద అభిప్రాయం చెప్పనివాళ్ళు పేటలో లేరు. పాలు పోసే అతను ఆముదం రాయమన్నాడు. కరెంటు మీటరు చూసుకోడానికి వచ్చినతను మంచం మానేసి నేల మీద పడుకోమన్నాడు. ఎదురింటికి ఒక్కపూట భోజనానికి వచ్చిన చుట్టం చెయ్యి కడుక్కుంటూ గోడ మీంచి చూసి, "ఆపరేషన్ చేయించేసుకోండి పిన్నిగారూ, పీడా వదిలిపోద్ది" అని చెప్పి, తుడుచుకుని వెళ్ళిపోయాడు. అందరూ చెప్పారు గనక ఆవిడ ఎవరి మాటా వినలేదు.

ఆ నొప్పికో పద్ధతుంది. కూర్చున్నంతసేపూ ఊసెత్తదు. నిలబడితే మాత్రం పది నిమిషాలకి నడుం దగ్గర మొదలై, తొడ మీదుగా పిక్కలోకి దిగి, కాలు ఎవరిదో అద్దెకి తెచ్చుకున్నట్టు మొద్దుబారిపోతుంది. వంట పీట మీద కూర్చుని చేసుకుంటుంది. దేవుడికి దణ్ణం కుర్చీలోంచే పెడుతుంది, ఆయనేం అనుకోలేదు. ఇబ్బందంతా మనుషుల్ని సాగనంపే దగ్గరే.

మంగతాయారుకి మనుషుల్ని గుమ్మంలో పంపేయడం చేతకాదు. ఎవరొచ్చినా బస్టాండు దాకా వెళ్ళాలి, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడాలి. రైలైతే ఆఖరి పెట్టె వెనకాల ఉండే గుర్తు కంటికి ఆననంత దూరం పోయేదాకా కదలకూడదు. "నువ్వు నిలబడకపోతే రైలు వెళ్ళదేంటే?" అని నవ్వేవారు ఆవిడ భర్త వీరభద్రం. వెళ్తుంది. ఆవిడ భయం అదే.

ఆయన వెళ్ళిన రోజున మటుకు నిలబడలేకపోయింది. పదకొండేళ్ళ కిందట గుండె ఆపరేషన్‌కని తోపుడుమంచం మీద తీసుకుపోతున్నారు. నడుం పట్టేసి, ఆవిడ తలుపు పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది. మంచం వస్తుంటే గబుక్కున లేవబోయింది. ఆయన తల ఇటు తిప్పి, "నడుం జాగ్రత్త" అన్నారు. తలుపులు మూసుకున్నాయి. ఆయన మళ్ళీ మాట్లాడలేదు.

నలభై ఒక్క ఏళ్ళ కాపురానికి ఆఖరి మాట అది! కిరాణా కొట్లో పొట్లాలు కట్టే పాత కాగితాల మీద కూడబలుక్కుని చదువు నేర్చుకుని, తర్వాత పేట లైబ్రరీలో రెండు బీరువాలు ఖాళీ చేసిన మనిషి మంగతాయారు. ఆ పుస్తకాల్లో పోయేవాళ్ళు ఎంత తీరుబడిగా, ఎంత చక్కటి మాటలు చెప్పి పోతారో ఆవిడకి తెలుసు. ఈయన నడుం గురించి చెప్పి పోయారు. దాన్ని ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా ఇంకేం కనబడలేదు. పైకి ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడు జుబేదా వెళ్ళిపోతోంది. ముప్పై ఆరేళ్ళుగా పక్క వాటాలో జాకెట్లు కుట్టుకుంటున్న జుబేదాకి చూపు ఆనడం లేదు. దసరా వెళ్ళాక గుంతకల్లులో కూతురి దగ్గరికి, మిషనుతో సహా, మొత్తానికే.

"ఈసారి ప్లాట్‌ఫారం మీద నిలబడాలే నేను" అంది మంగతాయారు.

"కుర్చీ పట్టుకెళ్దాం అక్కా. దర్జాగా కూర్చుని చెయ్యూపు."

"కూర్చుని పంపితే సినిమా చూసినట్టుంటది. పద, ఆ నడుం సంగతేదో తేల్చుకుందాం."

అలా ఇద్దరూ ఆటో ఎక్కి జిల్లా కేంద్రంలో ఉన్న వెన్నెముక వైద్య సంస్థకి వెళ్ళారు. ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్న ఒక్క మాట అడిగి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేద్దామని వాళ్ళ ఉద్దేశం. కుక్కరు కూడా పెట్టే వెళ్ళింది జుబేదా.

ఆ సంస్థకి డైరెక్టరు విశ్వమోహన్ గారు. ఆయన వైద్యుడు కాదు, పరిపాలన చదువుకున్నవారు. ఆ ఏడాది వేసవిలో ఏదో చల్లటి కొండ మీద మూడు రోజుల సదస్సుకి వెళ్ళి, రోగి స్వేచ్ఛ అనే సంగతి తెలుసుకుని దిగొచ్చారు. అంతకుముందు రోగులు 'డాక్టరు గారు చెప్పారు, చేయించుకున్నాను' అనేవారు. ఆ మాట ఇక ఏ రోగి నోటా వినబడకూడదని ఆయన పట్టుబట్టారు. స్వతంత్ర నిర్ణయ విధానం అమల్లోకి వచ్చింది. గేటు మీద 'మీ వెన్ను – మీ నిర్ణయం' అని పెద్ద బోర్డు. దాని కింద చిన్నక్షరాలతో: 'సలహా అడుగుట, ఇచ్చుట, ఇచ్చినట్లు కనబడుట నిషిద్ధము.'

డాక్టర్ నిరంజన్ ముప్పై అయిదేళ్ళ మనిషి. ముక్కూ నోరూ కప్పే మాస్కు, నుదురు పూర్తిగా దిగే టోపీ పెట్టుకున్నాడు. కనుబొమలు ఎగరేసినందుకు కిందటి నెల మెమో వచ్చిందట. స్కానింగు ఫిల్ము దీపం మీద పెట్టి చూశాడు. అతని తల ఊగబోయింది. చటుక్కున రెండు చేతులతో పట్టుకుని ఆపుకున్నాడు.

"ఎలా ఉందండీ?" అంది మంగతాయారు.

"ఉందండి."

"ఏముందండీ?"

"వెన్నెముక ఉందండి." కాసేపు ఆగి, టోకెన్ చీటీ చూశాడు. "మీది బేసి నెంబరు. అయితే ముందు ఆపరేషన్ వైపు చెప్పాలి. సరి నెంబరైతే రెండో వైపు ముందు చెబుతాం. నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్య నరాల దారి ఇరుకైపోయిందమ్మా. ఆపరేషన్ చేస్తే తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. చెయ్యకపోతే పెరగొచ్చు, పెరగకపోవచ్చు. నిర్ణయం మీదే."

నాలుగు ముక్కలూ ఒకే గొంతుతో చెప్పాడు. రైల్వే స్టేషన్లో బండ్ల రాకపోకలు చెప్పే గొంతుకి ఇంతకన్నా జాలి ఉంటుంది.

మంగతాయారు కాస్త ముందుకి వంగింది. "బాబూ, మీ అమ్మగారికైతే ఏం చేయిస్తారండీ?"

గది బయట గంట ఖంగుమంది. తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్న అటెండరు అప్పన్న లేచి నిలబడి ఉన్నాడు, చేతిలో తాడుతో.

"ఏడో నెంబరు ప్రశ్న అడిగేశారండి, ఆయ్" అన్నాడు నొచ్చుకుంటూ. గోడ మీద అడగకూడని ప్రశ్నల పట్టిక చూపించాడు. ఒకటి, చేయించుకోమంటారా? రెండు, వద్దంటారా? మూడు, భయపడక్కర్లేదంటారా? అలా వరసగా ఉన్నాయి. ఏడోది ఎర్రసిరాతో: మీ తల్లికైతే, భార్యకైతే, మీకైతే, లేక మీరైతే ఏం చేస్తారు? "అన్నింట్లోకీ ఇదే డేంజరండి. దీనికి గట్టి డాక్టర్లే కరిగిపోతున్నారంట. అందుకని గంట పెట్టించారు పెద్దాయన."

డాక్టర్ నిరంజన్ కళ్ళు ఏదో అనబోయాయి. అప్పన్న అటు చూడగానే అతను కళ్ళు మూసేసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి కుక్కర్లో అన్నం నీరు కారిపోయి ఉంది. "ఊళ్ళో అడక్కుండా చెప్పారు. ఇక్కడ అడిగినా చెప్పరు" అంది జుబేదా, గరిటెతో అన్నం వంక చూస్తూ. "మధ్యలో ఉండేవాళ్ళు ఎక్కడ దొరుకుతారక్కా?"

నిర్ణయం తీసుకునే అర్హత రావాలంటే పన్నెండు తరగతులకి హాజరవ్వాలని కార్డు వచ్చింది. మంగళవారాలూ శుక్రవారాలూ.

మొదటి తరగతి బెంచీల దగ్గరే ఆగిపోయింది. ఆనుకునే వీపు ఉన్న కుర్చీలు వేస్తే రోగికి సుఖంగా ఉండి, ఆపరేషన్ ఎందుకులే అనిపించవచ్చు. అది ప్రభావం. వీపు లేని బల్లలు వేస్తే నొప్పెక్కి, కోసెయ్యండ్రా బాబూ అనిపించవచ్చు. అదీ ప్రభావమే. చివరికి గంటన్నర నిలబెట్టి, గంటన్నర కూర్చోబెట్టాలని తీర్మానం చేశారు. గదిలో ఉన్న ఇరవై ఆరు మందీ నడుంనొప్పి వాళ్ళే కావడంతో, నిలబడితే నొప్పెట్టేవాళ్ళు మొదటి సగం ఏడ్చారు, కూర్చుంటే నొప్పెట్టేవాళ్ళు రెండో సగం ఏడ్చారు. న్యాయం జరిగిందని రిజిస్టరులో రాసుకున్నారు.

పాఠాలు మాత్రం మంగతాయారుకి నచ్చాయి. వెన్నులో ముప్పై మూడు పూసలుంటాయనీ, కింద కొన్ని అతుక్కుపోయి ఉంటాయనీ, వాటి నడుమ మెత్తలుంటాయనీ ఎవరు చెప్పారు ఇన్నాళ్ళూ? ఆవిడ రెండొందల పేజీల నోటుబుక్కు కొనుక్కుని, బొమ్మలేసి, పూసపూసకీ పేరు రాసుకుంది. ఇంట్లో జుబేదాకి పాఠం ఒప్పజెప్పేది. జుబేదా జాకెట్టుకి గుండీలు కుడుతూ, "అయిదోది తప్పు చెప్పావు, మళ్ళీ" అనేది.

పరీక్షలో మంగతాయారుకి నూటికి తొంభై నాలుగు వచ్చాయి. సంస్థ పుట్టాక అంతకన్నా ఎక్కువ రాలేదట. పాస్ మార్కు అరవై. పక్కన కూర్చున్న లారీ డ్రైవరు, నొప్పికి రెండేళ్ళుగా తిన్నగా నడవని మనిషి, ఆపరేషన్ చెయ్యమని మొదటి రోజు నుంచీ బతిమాలుతున్నాడు. అతనికి ఇరవై రెండొచ్చాయి. "నాకు నొప్పి తెలుసండి, పేర్లే తెలవ్వు" అన్నాడు. నిర్ణయానికి అనర్హుడని రాసి, మార్చిలో మళ్ళీ రమ్మన్నారు.

ఆ తర్వాత ప్రభావ రహిత పత్రాలు. ఈ ఆపరేషన్ మీద తమకి ఏ అభిప్రాయమూ లేదని బంధువులూ ఇరుగుపొరుగూ విడివిడిగా సంతకాలు పెట్టాలి. మంగతాయారు కొడుకు సామర్లకోటలో బడిపంతులు. అతను వెంటనే పంపించాడు. పెళ్ళయినప్పటి నుంచీ అతనికి ఏ సంగతి మీదా అభిప్రాయం లేదు గనక ఇబ్బంది పడలేదు. పాలు పోసే అతను ఆముదం మాట వెనక్కి తీసుకుంటున్నట్టు వేలిముద్ర వేశాడు. ఎదురింటి చుట్టం ఎక్కడున్నాడో కనుక్కుని సంతకం తేవడానికి పన్నెండు రోజులు పట్టింది. అతనికి ఈ పిన్నిగారు ఎవరో గుర్తే లేదు.

జుబేదా మాత్రం కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది.

"పెట్టవే సంతకం."

"అభిప్రాయం లేదని ఎలా రాయనక్కా? ఉంది కదా."

"ఏంటది?"

"చెప్పను. చెప్తే నువ్వు అదే చేస్తావు. నేను గుంతకల్లు వెళ్ళిపోయాక నీకేదన్నా అయితే, నేనక్కడ ఎవరి మొహం చూసి కూర్చోను?" అని, కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసింది: 'నాకు అభిప్రాయము ఉన్నది. చెప్పను.'

దీని మీద సంస్థలో రెండు సమావేశాలు జరిగి, గుప్త అభిప్రాయం అనే కొత్త తరగతి ఏర్పాటైంది.

అప్పటికి సెప్టెంబరు వచ్చేసింది. దసరా నెల రోజుల్లో ఉంది. మంగతాయారుని పరిశీలక మండలి ముందుకి పిలిచారు. పొడుగాటి బల్ల వెనక నలుగురు సభ్యులు, మధ్యలో డైరెక్టరు విశ్వమోహన్ గారు. మూలన నోరు లేనివాడిలా డాక్టర్ నిరంజన్. గుమ్మంలో అప్పన్న, గంట.

"శ్రీమతి మంగతాయారు గారూ," అన్నారు డైరెక్టరు, "తమరి అర్హతా పరీక్షా ఫలితము ఈ సంస్థకే గర్వకారణము. నలభై ఆరు పత్రములు సక్రమముగా ఉన్నవి. ఒకటి లోపించినది. తమ భర్తగారిది."

"ఆయన పోయారు కదండీ బాబూ. పదకొండేళ్ళయింది."

"మరణము అభిప్రాయమునకు అడ్డంకి కాదమ్మా. పోయినవారి ప్రభావమే బలమైనదని సదస్సులో ఒక పూటంతా చెప్పారు. జీవించి ఉండగా వారు తమరి నడుమును గురించి ఏమైనా సెలవిచ్చారా?"

ఆవిడ అబద్ధం ఆడి ఉంటే ఆ పూటే పని అయిపోయేది. ఆయన విషయంలో అబద్ధం ఆడటం ఇష్టంలేక, "అన్నారండి" అంది. "ఆఖరిసారి తలుపులోకి తీసుకెళ్తుంటే, 'నడుం జాగ్రత్త' అన్నారు."

బల్ల వెనక కదలిక మొదలైంది. మొదటి సభ్యుడు ఇది శస్త్రచికిత్సకు స్పష్టముగా ప్రతికూలము అన్నాడు. జాగ్రత్త పడు మనిషి కత్తి వద్దకు పోవునా? రెండో సభ్యురాలు ఇది ముమ్మాటికీ అనుకూలము అంది. జాగ్రత్త గల మనిషి చికిత్సను వాయిదా వేయునా? మూడో ఆయన మృతుని వాక్యమును రద్దు చేయు అధికారము మండలికి కలదా అని నిబంధనలు తిరగేయసాగాడు. నాలుగో ఆయన మాత్రం చాలా మర్యాదగా ముందుకి వంగి, "మాట కాదు, గొంతు ముఖ్యము. వారు ఏ గొంతుతో అన్నారో తమరు అదే గొంతుతో ఒకసారి అని వినిపిస్తే మేము గ్రహించగలము" అన్నాడు.

మంగతాయారు నోరు తెరిచింది. పదకొండేళ్ళలో ఆ మాట ఒక్కసారైనా పైకి అనలేదని అప్పుడు తెలిసింది. గొంతు గుర్తుందనుకుంది. లోపలెక్కడో వినబడుతూనే ఉంది. బయటికి మటుకు రాలేదు. మంచినీళ్ళు తెప్పించారు. తాగింది. అయినా రాలేదు.

'గొంతు నమూనా సమర్పించలేదు. ఫైలు వాయిదా' అని రాసుకున్నారు.

బయటికొచ్చి వరండాలో కూలబడింది మంగతాయారు. "ఆయన మాటని కూడా ఫైల్లో కట్టేశారే" అంది. జుబేదా పైటకొంగుతో ఆవిడ కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టింది.

మర్నాడు సంస్థలో ఒక ఘోరం జరిగింది. స్వతంత్ర నిర్ణయ విధానానికి పంతొమ్మిదో సవరణ సంతకానికి వచ్చింది. దగ్గు ద్వారా ప్రభావితము చేయుట గురించి. ఫ్యాను గాలికి ఆ కాగితం ఎగిరి కింద పడింది. డైరెక్టరు గారు వంగి తీశారు. వంగినవారు వంగినట్టే ఉండిపోయారు.

సిబ్బంది అంతా పరిగెత్తుకొచ్చారు. వచ్చి, చుట్టూ నిలబడ్డారు. 'పడుకోండి సార్' అనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు, అది సలహా.

"ఏదన్నా చెయ్యండయ్యా!" అన్నారు ఆయన నేలతో.

"పడుకుంటే తగ్గొచ్చు సార్, తగ్గకపోవచ్చు" అన్నాడు ఒక డాక్టరు. "నిలబడితే పెరగొచ్చు, పెరగకపోవచ్చు. నిర్ణయం తమరిదే సార్."

"నాకు తెలియదయ్యా!"

"అయితే మంగళవారం నుంచి తరగతులున్నాయి సార్."

మూడు రోజులు అలాగే గడిచాయి. ఆయన స్కానింగు ఫిల్ము ఆరుగురు డాక్టర్లు చూశారు. ఆరుగురూ తలలు గట్టిగా పట్టుకునే చూశారు. ఆయన పెట్టిన కట్టుబాటుని ఆయన సొంత సిబ్బంది అంత నమ్మకంగా పాటిస్తారని ఆయన అనుకోలేదు. నాలుగో రోజు పొద్దున, గొంతు నమూనాకి మరో వాయిదా తేదీ కనుక్కుందామని వచ్చి మంగతాయారు, జుబేదా వరండాలో కూర్చుని ఉండగా, గోడ పట్టుకుని, ఒక పక్కకి ఒరిగి, నడుముకి బెల్టుతో విశ్వమోహన్ గారు వచ్చారు. వెనకాల డాక్టర్ నిరంజన్, చేతిలో ఫిల్ముతో.

"అమ్మా," అన్నారు డైరెక్టరు. ఆ గొంతులో సదస్సు లేదు. "తొంభై నాలుగు మార్కులు మీవి. మీరైతే ఏం చేస్తారమ్మా?"

గంట ఖంగుమంది.

"సారీ సార్" అన్నాడు అప్పన్న, కళ్ళనీళ్ళ పర్యంతమై. "ఏడో నెంబరు సార్, ఆయ్. మీరే ఎర్రసిరాతో రాశారు సార్."

మంగతాయారు ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. నిబంధన పెట్టిన మనిషి అని కోపం తెచ్చుకుందామనుకుంది గానీ, నొప్పితో ఒరిగిపోయిన మనిషి మీద ఎంతసేపని కోపం ఉంటుంది?

"మీ నడుం వేరు, నా నడుం వేరు బాబూ. మీది నాలుగు రోజుల పసిబిడ్డ. తరగతుల్లో చెప్పారుగా, ఇలా హఠాత్తుగా పట్టేసినవి చాలామటుకు వాటంతటవే సర్దుకుంటాయని. కాళ్ళు తిమ్మిరెక్కకపోతే, ఒంటేలుకి ఇబ్బంది లేకపోతే, కోతకి కంగారు పడకండి. నాది అలా కాదు. పదమూడేళ్ళు చూశాను. నేనైతే చేయించేసుకుంటాను."

అని, ఆగిపోయింది. జుబేదా వైపు తిరిగింది. "అన్నానా ఇప్పుడు?"

"అన్నావక్కా."

"ఇన్నాళ్ళూ ఎక్కడుందే ఈ మాట?" మళ్ళీ డైరెక్టరు వైపు తిరిగింది. "భయం పోయి కాదండీ. ఆ తలుపులంటే నాకు గుండె దడ. కానీ మూణ్ణెల్ల నించీ నిర్ణయం మీదే, నిర్ణయం మీదే అని గోడల మీద కూడా రాశారు గానీ, ఏం చేద్దామనుకుంటున్నారమ్మా అని ఒక్కళ్ళడగలేదు నన్ను. మీరే మొదలు."

అప్పుడు డాక్టర్ నిరంజన్ టోపీ తీశాడు. కనుబొమలు చక్కటివి, ఒత్తుగా ఉన్నాయి. మాస్కు కిందికి లాగాడు.

"మా అమ్మకి చేయించానండి" అన్నాడు. "పోయినేడు. అచ్చం మీలాంటి నడుమే. సగం తగ్గింది, సగం ఉంది. అయినా ఇప్పుడు బజారుకి నడిచెళ్ళి, వంకాయల వాడితో పావుగంట నిలబడి బేరమాడి వస్తోంది. అంతకుముందు గుమ్మం దిగేది కాదు. మీరు అడిగిన రోజే చెప్పాల్సిందండి. క్షమించండి."

అప్పన్న గంట వైపు చూశాడు. గంట అతని వైపు చూసింది. అతను చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

పావుగంట చాలు మంగతాయారుకి. గుంతకల్లు వైపు బండి ఆ స్టేషన్లో ఆగేది రెండు నిమిషాలే.

మండలి సమావేశాలు అంతకుముందు నాలుగేసి గంటలు జరిగేవి. ఇప్పుడు అధ్యక్షుడు కూర్చోలేడు, నిలబడలేడు. పక్క మీదికి ఒరిగి నాలుగు నిమిషాలు ఓర్చుకోగలడు. ఆ నాలుగు నిమిషాల్లో ఎనభై రెండు ఫైళ్ళు తేలిపోయాయి. లారీ డ్రైవరుకి మార్కులతో పని లేదన్నారు. మంగతాయారు ఫైలు వచ్చినప్పుడు నాలుగో సభ్యుడు, "గొంతు నమూనా..." అని మొదలుపెట్టాడు.

"అది భార్యాభర్తల సంగతి!" అన్నారు విశ్వమోహన్ గారు పళ్ళు బిగించి. "తరవాతి ఫైలు!"

విధానాన్ని మటుకు ఎత్తెయ్యలేకపోయారు. ఎత్తెయ్యాలంటే రోగులందరి ప్రభావ రహిత పత్రాలు కావాలట. ఏడో నెంబరు ప్రశ్న అడిగినందుకు డైరెక్టరు గారికి పన్నెండు తరగతులూ పడ్డాయి. రోజుకి రెండేసి చొప్పున కూర్చున్నారు, నిలబడ్డారు. పరీక్ష రాశారు. ప్రశ్నపత్రం ఆయనే తయారు చేసినది. ముప్పై ఒకటి వచ్చాయి.

ఆపరేషన్ రోజు పొద్దున్న తొమ్మిదింటికి మంగతాయారుని తోపుడుమంచం మీద తీసుకెళ్తున్నారు. పైకప్పు దీపాలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి, రైలు కిటికీలోంచి స్తంభాలు పోయినట్టు. అయితే ఈసారి రైల్లో ఉన్నది తను. ఇన్నేళ్ళూ ఇటువైపు ఎలా ఉంటుందో ఆవిడకి తెలీదు. పక్కన నడుస్తున్న జుబేదా చేతిలో ఆవిడ కళ్ళజోడు, మెళ్ళో గొలుసు, ఒక అరటిపండు.

"అరటిపండు ఎందుకే?"

"ఏమో, తెచ్చాను. అక్కా, నా ప్రయాణం దీపావళి దాకా జరిపాను. మా అమ్మాయికి చెప్పేశాను. చిన్నగా నిలబడదువు గాని."

"నీ అభిప్రాయం ఏంటే? ఇప్పుడైనా చెప్పు."

"మళ్ళీ బయటికొచ్చాక చెప్తా. దాని కోసమన్నా రా."

తలుపులు కనబడ్డాయి. రెండు రెక్కలు, ఒక్కో రెక్కకీ గుండ్రటి అద్దం. తలుపు పక్కన బెంచీ ఉంది. బెంచీ మీద, బెల్టు పెట్టుకుని, ఒళ్ళో రెండొందల పేజీల నోటుబుక్కుతో విశ్వమోహన్ గారు. పదకొండు గంటలకి ఆయనకి రెండోసారి పరీక్ష. నోట్సు మంగతాయారుదే, అప్పిచ్చింది. పెదవులు కదుపుతూ పూసల పేర్లు బట్టీ పడుతున్నారు. నొప్పి ముప్పాతిక వంతు దానంతటదే సర్దుకుంది. ఎవరూ ఏమీ చెయ్యకుండానే.

మంచం దగ్గరికొచ్చిన చప్పుడికి ఆయన తల ఎత్తారు. మంగతాయారుని చూసి, నోటుబుక్కు పక్కన పెట్టి, నమస్కారం చేద్దామని గబుక్కున లేవబోయారు.

మంగతాయారు తల అటు తిప్పింది.

"నడుం జాగ్రత్త!" అంది.

అనాలని అనుకోలేదు. దానంతటదే వచ్చేసింది. వచ్చాక విన్నది. ఆయన గొంతు. అచ్చం వీరభద్రం గొంతే, ఆ కాస్త విసురుతో సహా. ఆ మాటలో వెతకడానికి ఏమీ లేదు. ఎదుటి మనిషి కంగారుగా లేస్తోంది, పట్టేస్తుందేమో, అంతే. మంచం మీద ఉన్నది తానని ఆ రోజు ఆ ఒక్క క్షణం ఆయనకి గుర్తు లేదు.

"ఓరి నా తండ్రీ" అనుకుంది మంగతాయారు. ఆవిడకి నవ్వొచ్చింది.

"సలహా ఇచ్చారండి, ఆయ్" అన్నాడు అప్పన్న, మంచం తోస్తూ. "రాసుకోమంటారా?"

"రాసుకో నాయనా."

తలుపులు మూసుకున్నాయి. జుబేదా గుండ్రటి అద్దానికి మొహం ఆనించి, మంచం లోపలి మలుపు తిరిగేదాకా నిలబడింది. తిరిగాక కూడా కాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు.